ఆకుపచ్చ గీతను కదపొద్దు

టీవీ ఆగిపోయిందని చెప్పేవాళ్ళు అది ఎప్పుడు ఆగిందో కూడా చెబుతారు. మొన్న ఉరుములప్పుడనో, నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడనో అంటారు. టీవీ మసకబారిందనేవాళ్ళను మాత్రం ఎప్పటినుంచి అని అడిగి చూడండి, జవాబు రాదు. రోజూ ఇంత దుమ్ము పడుతుంది, ఇంత వెలుగు తగ్గుతుంది, కళ్ళు దానికి సర్దుకుంటాయి. అందుకే పాత టీవీని దారికి తేవడంలో స్క్రూడ్రైవర్ పట్టడం చిన్న పని, కళ్ళకు పడ్డ అలవాటును పక్కన పెట్టడం పెద్ద పని.

మా ఇంట్లో ఉన్నది పాతకాలం ప్రొజెక్షన్ టీవీ, తెర మీద వెనకనుంచి బొమ్మ పడే రకం. 43 అంగుళాల తెర, బీరువా అంత పెట్టె. హైదరాబాదులో చుట్టాలింటి గోడకు పలచటి టీవీ ఎక్కాక దీనికి చోటు లేకుండా పోయింది. పాతసామాను వాడికి వేయబోతుంటే నేను అడిగి తెచ్చుకున్నాను. ట్రాలీలో అచ్చంపేట దాటి, మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి, గుంతల్లో ఊగుతూ అమ్రాబాద్ చేరింది. దింపడానికి నలుగురు పట్టారు. ఆన్ చేస్తే వార్తలు చదివే అమ్మాయికి మూడు ముక్కులున్నాయి: ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. పట్టిన నలుగురూ నవ్వారు. కొన్నాళ్ళకు మా కళ్ళు ఆ మూడు ముక్కులకూ సర్దుకున్నాయి.

ఎందుకలా అయిందో తెలియాలంటే లోపలేముందో తెలియాలి. మామూలు డబ్బా టీవీలో ఒకటే పిక్చర్ ట్యూబు. దీంట్లో చిన్నవి మూడు, పెట్టె అడుగున పక్కపక్కన పైకి చూస్తూ కూర్చుంటాయి. నడిమిది ఆకుపచ్చ, అటూ ఇటూ ఎరుపు, నీలం. ఒక్కోదాని మీద ఒక లెన్సు. మూడు బొమ్మలూ పైకి పోయి, వెనక ఏటవాలుగా నిలబెట్టిన అద్దానికి తగిలి, తిరిగి తెర మీద లోపలి వైపు నుంచి పడతాయి. మూడూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటేనే రంగు కుదురుతుంది. నడిమి ట్యూబు తెరను సూటిగా చూస్తుంది. పక్కవి ఓరగా చూస్తాయి కాబట్టి వాటి బొమ్మ ఒకవైపు పొడుగ్గా, ఇంకోవైపు కురచగా పడుతుంది. ఆ వంకరకు లోపలి సర్క్యూట్లు ఎదురు వంకర పెట్టి సరిచేస్తాయి. దీన్నే కన్వర్జెన్స్ అంటారు. పెట్టెను చోటు మార్చినా, దాని ముఖం తిప్పిన దిక్కు మారినా, భూమి అయస్కాంత బలం పనిచేసే తీరు మారి బొమ్మలు కొద్దిగా జరుగుతాయి. ఇక గుంతల రోడ్డు మీద వచ్చినదాని సంగతి చెప్పేదేముంది!

వెనకనుంచి తెర మీద బొమ్మ వేసే పద్ధతి నిన్నటిది కాదు. అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1947లోనే 648పీటీకే అనే వెనక తెర టీవీని అమ్మింది. ఎల్‌సీడీ, ప్లాస్మా టీవీలు చవకయ్యేదాకా పెద్ద తెర కావాలంటే దారి ఇదే. 2007 చివర్లో సోనీ ఈ రకం టీవీలకు స్వస్తి చెప్పింది. చివరిదాకా పట్టుకుని ఉన్న మిత్సుబిషి 2012లో వదిలేసింది.

ఒకే టీవీ ముందు నలుగురూ కూర్చోవడం మా పాలమూరుకు ఈ పెట్టెకన్నా పాత అలవాటు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా నాసా ఎరువిచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకు నేరుగా ఆకాశం నుంచే కార్యక్రమాలు వచ్చాయి. మన దగ్గర ఎంపికైన జిల్లాల్లో మా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ఒకటి. కోళ్ళ గూటికి వాడే ఇనుప జాలీతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, హైదరాబాదు ఈసీఐఎల్‌లో తయారైన సెట్టు, దాని ముందు ఊరంతా నేల మీద. ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. టీవీ అంటే పదిమంది కూర్చుని చూసేదన్న మాట మాత్రం ఇక్కడ మిగిలింది. నేనీ బీరువాను మోయించుకొచ్చిందీ ఆ మాట మీదే.

ఇక పని. దీనికో వరస ఉంది: ముందు దుమ్ము, ఆ తర్వాతే కన్వర్జెన్స్. వరస తప్పితే దుమ్ము చేసిన తప్పును బటన్లతో దిద్దుతూ కూర్చుంటాం. మొదట ప్లగ్గు పీకి కొన్ని గంటలు వదిలేయాలి. ట్యూబులకు పోయే లావు వైర్లలో ఇరవై, ముప్పై వేల వోల్టులుంటాయి. ప్లగ్గు పీకినా కొంత అక్కడే నిలిచి ఉంటుంది. కాబట్టి ఆ వైర్లనూ సర్క్యూట్ బోర్డులనూ ముట్టొద్దు, మనకు పని లెన్సుల దగ్గరే. ముందు జాలీ తీసి, స్క్రూలు విప్పితే తెర ఫ్రేముతో సహా ఊడి వస్తుంది.

పక్కింటి అవ్వ గడపలోనే ఆగిపోయింది. “ఏంది బిడ్డా, టీవీ కడుపు కోసి పెట్టినవ్? నిన్న మంచిగనే ఉండె గదా!”

అవ్వ అన్నదే ఈ పనికి అసలు అడ్డం. నిన్న మంచిగానే ఉంది, మొన్నా మంచిగానే ఉంది. టార్చి వేసి చూస్తే మూడు లెన్సుల మీదా బూడిదరంగు పొర. పైకి చూస్తూ కూర్చున్నవి కదా, పడిందల్లా వాటి మీదే నిలుస్తుంది. హైదరాబాదు దుమ్ము కింద, మా చెల్క దుమ్ము పైన. ఊదుబత్తి పొగ ఆ రెంటినీ జిగటగా అతికించింది. ఆకుపచ్చ లెన్సు అంచున ఎండిన బల్లి రెట్ట, మూలన సాలెగూడు. మరి ఇంత మురికి తెర మీద మచ్చగా ఎందుకు కనపడలేదు? లెన్సు మీద ఉన్నది ఫోకస్‌లో ఉండదు కాబట్టి. అది బొమ్మకు అడ్డం పడదు, వెలుగును తెరంతా చెదరగొడుతుంది. నలుపు బూడిదగా మారుతుంది, తెల్ల అక్షరం చుట్టూ పొగ పట్టినట్టుంటుంది. మచ్చ ఉంటే ఎవరైనా తుడుస్తారు. మచ్చ లేని మురికికి మనం పెట్టుకునే పేరు ‘పాతదైంది’.

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ఊదాలి, తర్వాత మెత్తటి కుంచెతో దులపాలి. పైనున్న లెన్సు ప్లాస్టిక్‌ది, పొడి దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. ఆఖరున ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డను ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ళతో ఒక చుక్క తడిపి, ఒత్తకుండా నడుమ నుంచి అంచుకు తుడవాలి. మా బోరు నీళ్ళు పనికిరావు, ఆరితే తెల్ల మచ్చ మిగులుతుంది. కిటికీ అద్దాలకు కొట్టే అమ్మోనియా మందు అసలే వద్దు. గుడ్డ మొదటిసారి పోయిన మేర లెన్సు నల్లగా, లోతుగా కనిపించింది. దాని పక్కన తుడవని భాగం చూశాకే ఇన్నాళ్ళూ దేంట్లోంచి టీవీ చూశామో అర్థమైంది.

అద్దం దగ్గర చేతులు కట్టుకోవాలి. ఇంట్లో అద్దానికి పూత వెనక ఉంటుంది, దీనికి ముందే ఉంటుంది. గీత పడితే పోదు. అది కిందికి వంగి ఉంటుంది కాబట్టి దుమ్ము కూడా తక్కువే, గాలి కొట్టి వదిలేస్తే చాలు. తెరలో రెండు ప్లాస్టిక్ పలకలుంటాయి. లోపలి దానికి గుండ్రటి గాళ్ళు, బయటి దానికి నిలువు గాళ్ళు. బయటి దాన్ని పైనుంచి కిందికే తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. ఆ నిలువు గాళ్ళే వెలుగును అటూ ఇటూ పంచుతాయి. పైకీ కిందికీ అంతగా పంచవు. అందుకే ఈ టీవీని నులక మంచం మీద కూర్చుని చూస్తే తెల్లగా, లేచి నిలబడితే చీకటిగా కనిపిస్తుంది. కింద చాప మీద కూర్చునే ఇళ్ళల్లో దీన్ని ఎత్తు మీద పెట్టకూడదు.

మసకకు మనవాళ్ళు చేసే వైద్యం ఒకటుంది: రిమోట్ తీసుకుని కాంట్రాస్ట్ చివరిదాకా పెంచడం. షోరూమ్ లైట్లలో మెరవాలని కంపెనీవాళ్ళే దాన్ని ఎక్కువగా పెట్టి పంపేవారు, దాని మీద మనం ఇంకొంత. అంత చిన్న ట్యూబు అంత పెద్ద తెరను వెలిగించాలంటే లోపలి ఫాస్ఫర్ పూత మీద భారం పడుతుంది. ఒకేచోట ఒకే బొమ్మ నిలిస్తే అక్కడి పూత కాలి, ఆ మచ్చ శాశ్వతమవుతుంది. 2003 చివర్లో ఈటీవీ 2, 2004 మొదట్లో టీవీ9 వచ్చి, మన ఇళ్ళల్లో వార్తలు పొద్దంతా నడవడం మొదలయ్యాక మూలన లోగో, అడుగున స్క్రోలింగ్ పట్టీ ఎప్పుడూ అక్కడే ఉంటున్నాయి. నా సెట్టులో సినిమా వస్తున్నా అడుగున ఆ పట్టీ అంచు లీలగా కనిపిస్తుంది. దాన్ని ఏ గుడ్డా తుడవలేదు. లెన్సు తుడిచాక కాంట్రాస్ట్ సగానికి దించాను, అయినా మునుపటికన్నా వెలుగే.

ఇక మూడు ముక్కుల సంగతి. ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వాలి, చల్లగా ఉన్నప్పుడు కుదిర్చింది వేడెక్కాక జరుగుతుంది. చాలామంది సీరియల్ పెట్టుకుని మొదలుపెడతారు. ముఖాన్ని చూస్తూ దిద్దితే కన్ను మోసపోతుంది. మనకు తెలిసిన ముఖం కాబట్టి, లేని అంచును కూడా మనసే గీసుకుంటుంది. మెనూలో గీతల గళ్ళు ఉంటాయి, దిద్దాల్సింది వాటిని చూసే. గీతకు కథ లేదు, దాన్ని మనం మన్నించం.

ఆకుపచ్చను ముందు సరిచూడాలి. తెరకు అడ్డంగా దారం లాగి పట్టుకుంటే గీత వంకర తెలుస్తుంది. సరిగా ఉంటే ఇక దాన్ని ముట్టకూడదు. ఎరుపును తెచ్చి దాని మీద పెట్టాలి, గీత పసుపు అవుతుంది. నీలాన్ని కూడా తెచ్చి పెడితే తెల్లబడుతుంది. ఆకుపచ్చే ఎందుకంటే, అది నడుమ నుంచి సూటిగా వస్తుంది. పైగా టీవీ లెక్కలో తెలుపు వెలుగులో నూటికి 59 పాళ్ళు ఆకుపచ్చది, 30 ఎరుపుది, నీలానిది 11 మాత్రమే. బొమ్మలో స్పష్టత చాలావరకు ఆకుపచ్చలోనే ఉంటుంది. నీలం ఫోకస్ కొంచెం వదులుగా ఉన్నా కన్ను పట్టుకోదు. వెలుగు చాలడానికని మెకానిక్కులు దాన్ని కావాలనే కాస్త వదులు చేస్తారు కూడా. సర్వీస్ మెనూలోకి పోయేవాళ్ళకు నాదొక మాట: ఉన్న నంబర్లన్నీ కాగితం మీద రాసుకోకుండా ఒక్కటి కూడా మార్చొద్దు.

మూలల్లో మూడు గీతలూ పూర్తిగా కలవవు. అక్కడ మొండిపట్టు పడితే నడుమ కుదిరింది చెడుతుంది. తెరకు ముక్కు ఆనించి చూస్తే తప్పులకు అంతుండదు. రోజూ కూర్చునే చోటికి పోయి చూడాలి, అక్కడినుంచి కనపడనిదాన్ని వదిలేయాలి. గీతలు విల్లులా వంగి, ఏ బటన్‌కూ కదలకపోతే కన్వర్జెన్స్ నడిపే ఎస్‌టీకే ఐసీలు పోయి ఉంటాయి. ట్యూబుకూ లెన్సుకూ మధ్య ఉండే కూలింగ్ ద్రవం మడ్డి కట్టినా మనం తుడిచేది కాదు. ఈ రెండూ మెకానిక్ పనులు. విడిభాగాల కోసం కోఠిలో గుజరాతీ గల్లీ తిరగాల్సిందే.

సాయంత్రం అవ్వ వచ్చి సీరియల్ చూసింది. “ఆ పిల్ల చీర ఎర్రదా? నేను కాఫీ రంగనుకున్న ఇన్ని రోజులు” అంది. పొద్దున అన్న ‘మంచిగనే ఉండె’ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇలాంటి టీవీ ఎవరింట్లోనైనా ఇంకా నడుస్తుంటే దసరాకు ఇల్లు దులిపి, సున్నం వేసిన తర్వాత విప్పండి, అంతకుముందు విప్పితే ఆ దుమ్మంతా తుడిచిన లెన్సుల మీదికే చేరుతుంది. తుడిచిన రోజున గళ్ళ గీతలు పెట్టి ఫోనుతో ఒక ఫొటో తీసి దాచుకోండి. వచ్చే దసరాకు మీ కన్ను అంతా బాగానే ఉందనే చెబుతుంది. అప్పుడు దాని మాట వినకుండా, దాచిన ఫొటో తీసి పక్కన పెట్టి చూడండి.