వెక్కిళ్ళ పక్కన దిగులు

చరక సంహిత సూత్రస్థానం ఇరవయ్యో అధ్యాయంలో ఒక జాబితా ఉంది. కేవలం వాతం చెడితే వచ్చే 80 బాధల జాబితా. కాలి గోళ్ళు చీలడంతో మొదలవుతుంది. అరికాళ్ళ పగుళ్ళు, పిక్కలు పట్టేయడం, మోకాళ్ళు, నడుము, చెవిపోటు అంటూ కిందినుంచి పైకి ఒళ్ళంతా చుట్టబెట్టుకొస్తుంది. చివరికొచ్చేసరికి వణుకు, ఆవలింత, వెక్కిళ్ళు. వెక్కిళ్ళ పక్కనే విషాదం. దాని తరవాత అతివాగుడు. అన్నిటికన్నా ఆఖర్న నిద్ర పట్టకపోవడం, మనసు ఒకచోట నిలవకపోవడం.

మొదటిసారి చదివినప్పుడు ఆ వరస చూసి నవ్వొచ్చింది. ఇప్పుడు ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ వరసే. వెక్కిళ్ళు వచ్చినవాడితో "నీకేం తక్కువైందని?" అని ఎవరూ అనరు. దిగులుగా ఉందన్నవాడితో ఇంటిల్లిపాదీ అదే అంటారు. ఉద్యోగముంది, పిల్లలు స్థిరపడ్డారు, సొంతిల్లుంది, ఇంకా ఏం రోగం? అందుకే మన ఇళ్ళల్లో దిగులు ఎప్పుడూ మారుపేర్లతో తిరుగుతుంది. గ్యాసు, నీరసం, ఒళ్ళునొప్పులు, గుండెదడ, తలలో ఏదోలా ఉండటం. హైదరాబాదులో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనేది ఇప్పటికీ వెక్కిరింతే. మానసిక ఆసుపత్రి ఉన్న అదే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి కూడా ఉంది. ఆ అర్థంలో మాత్రం ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తరు.

ఈనాటి డాక్టర్లు డిప్రెషన్ అనేదీ, చరకుడు చెప్పిన విషాదమూ అచ్చంగా ఒకటేనని నేననను. దీన్ని కఫజ ఉన్మాదం కింద చూడాలనే ఆయుర్వేద అధ్యాపకులూ ఉన్నారు. మాట తగ్గిపోవడం, ఒంటరిగా ఉండాలనిపించడం, అన్నం సయించకపోవడం, మత్తుగా పడి ఉండటం అక్కడ లక్షణాలుగా కనిపిస్తాయి మరి. ఆ హద్దుల తగాదా పండితులు తేల్చుకుంటారు. సూత్రస్థానంలోనే ఇరవై అయిదో అధ్యాయంలో ఇంకో మాటుంది. రోగాలను పెంచేవాటన్నిటిలోకీ విషాదానిదే పైచేయి అని. షుగరున్న మనిషి దిగులులో పడ్డాక మాత్రలు మింగడం మానేసి, నడక మానేసి, ఆరు నెలల్లో ఎలా తయారవుతాడో చూసినవాళ్ళకి ఈ మాటమీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

మా పెదనాన్న పోయాక పెద్దమ్మ చిక్కి సగమైంది. ఏమయిందంటే "ఏం లేదే, గ్యాసు" అనేది. ఎండోస్కోపీ చేసి అంతా బాగానే ఉందన్నారు. ఆ మాటతో ఆవిడ ఇంకా కుంగిపోయింది. చివరికి తెనాలిలో మా ఇంటివాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన ఆయుర్వేద వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన. నాడి పట్టుకున్నారు, నాలుక చూశారు, చేతి గోళ్ళు కిటికీ వెలుతురులోకి తిప్పి చూశారు. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు.

"విరేచనం సాఫీగా అవుతోందా అమ్మా?"

"రెండ్రోజులకోసారండి."

"గట్టిగానా?"

పెద్దమ్మ నా వంక ఓసారి చూసి, గొంతు తగ్గించి "మేకపెంటికల్లా" అంది.

"రాత్రి మెలకువ ఎప్పుడొస్తోంది?"

"మూడున్నరకల్లా వచ్చేస్తదండి. ఇంక పట్టదు. ఆ తిరిగే ఫ్యాను చూస్తా పడుకుంటా."

"రాత్రిపూట ఏం తింటున్నారు?"

"ఒక్కదాన్నేగా. పొద్దున వండింది ఉంటే అదే. లేకపోతే రెండు బిస్కెట్లు."

"అయ్యగారున్నప్పుడో?"

దీనికి మాత్రం జవాబు పొడుగ్గా వచ్చింది. చారు పొయ్యిమీంచి తిన్నగా కంచంలోకి రావాలట. కాస్త చల్లారినా సణిగేవాడట. ఆ సణుగుడు పడలేక రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ పొయ్యి వెలిగించేదట. "ఇప్పుడు సణిగేవాళ్ళెవరున్నారండీ" అంది.

ఆయన కాసేపు రాసుకుని, పెన్ను పక్కన పెట్టి అడిగారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?"

నాకు ఒళ్ళు జల్లుమంది. పెద్దమ్మ తొణకలేదు. "దేవుడు తీసుకుపోతే బాగుండనుకుంటానండి. నా అంతట నేనేం చేసుకోను."

"ఎప్పుడైనా చేసుకోవాలనిపిస్తే ఎవరికి చెప్తారు?"

పెద్దమ్మ నన్ను చూపించింది.

ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనకి భయం. అలా పుట్టదని మానసిక వైద్యులు ఎన్నాళ్ళనుంచో చెబుతున్నారు. ఇంట్లో మేమెవ్వరం అడగని మాట అది. మలబద్ధకం, నిద్ర, చారు మీదుగా వచ్చారు కాబట్టి ఆయన దాన్ని కూడా అదే గొంతుతో అడగగలిగారు, ఆవిడ కూడా అదే గొంతుతో చెప్పగలిగింది.

చీటీలో మందు ఆఖరికి ఎక్కడో ఉంది. రాత్రి అన్నం అప్పటికప్పుడు వండుకోవాలి, పెసరకట్టు, నెయ్యి తప్పనిసరి. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్ళకీ మాడుకీ రాయించుకోవాలి. రాసుకోవాలి అని కాదు, రాయించుకోవాలి అని. పక్క వాటాలో అద్దెకున్నవాళ్ళ మనవరాలికి ఆ పని పడింది. రాత్రి కంచం ఒంటరిగా పెట్టుకోకూడదు. ఆ తరవాత పాలతో పెన్నేరుగడ్డ పొడి, అదే అశ్వగంధ. అట్టడుగున గుంటూరులో ఒక మానసిక వైద్యుడి పేరు. "ముందు ఆయన్ని కలవండమ్మా. నా నూనె ఎక్కడికీ పోదు" అన్నారు.

దీని వెనకున్న లెక్క తేలికే. వాతానికి పొడితనం, చల్లదనం, తేలికదనం, నిలకడలేనితనం గుణాలు. చద్దన్నం, బిస్కెట్లు, నిద్రలేమి, వేళకి తిండి లేకపోవడం, పైబడిన వయసు, మాట్లాడే మనిషి లేకపోవడం. పెద్దమ్మ రోజులో ఉన్నవన్నీ వాతాన్ని పెంచేవే. విరుగుడు దానికి ఎదురుగా నడుస్తుంది. వేడి, జిడ్డు, బరువు, వేళ తప్పని దినచర్య, మనిషి చేతి స్పర్శ. రాత్రి చివరి భాగం వాతానిదని ఆయుర్వేదం అంటుంది. అనుకున్న వేళకన్నా ముందే, చీకట్లోనే మెలకువ వచ్చేసి మళ్ళీ పట్టకపోవడం డిప్రెషన్‌కి ముఖ్యమైన గుర్తు అని సైకియాట్రీ అంటుంది. కారణాల దగ్గర పొంతన లేకపోయినా ఇద్దరూ గడియారంలో ఒకే ముల్లు చూశారు.

మేం లేచి వచ్చేలోగా ఒక కుర్రాణ్ణి వాళ్ళమ్మ తీసుకొచ్చింది. ఇంజనీరింగ్ అయింది, ఉద్యోగం రాలేదు, మధ్యాహ్నం పన్నెండుదాకా లేవడు, గది దాటి రాడు, ఒళ్ళొచ్చేసింది. ఆవిడ నీరసమనుకుని నెయ్యి, మినపసున్ని, పాలు పెడుతోంది. వైద్యులు అవన్నీ ఆపించేశారు. సూర్యుడికంటే ముందు లేవాలి, పగటినిద్ర ససేమిరా కూడదు, జొన్నరొట్టె, ఉలవచారు, మిరియాల చారు, చెమట పట్టేదాకా నడక, ఒంటికి నూనె బదులు పొడిపిండితో నలుగు. "నీరసంగా ఉన్నాడు కదండీ, నెయ్యి వద్దంటారేంటి?" అని ఆవిడ లబలబలాడింది. "నీరసం కాదమ్మా, బరువు" అన్నారాయన. పైకి చూస్తే ఇద్దరిదీ దిగులే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి పనికిరాదు. యూట్యూబులో డిప్రెషన్‌కి ఆయుర్వేద చిట్కాలంటూ అందరికీ ఒకే కషాయం కాచి పోస్తున్నవాళ్ళ మీద నా కోపం ఇక్కడే.

అయితే నెయ్యీ నలుగూ దగ్గరే ఆగిపోతే శాస్త్రానికి అన్యాయం చేసినట్టే. చరకుడు చికిత్సని మూడు రకాలన్నాడు. దైవం మీద ఆధారపడేది, మందూ ఆహారమూ యుక్తిగా వాడేది, మూడోది సత్త్వావజయం. అంటే మనసుని చెరుపు చేసే విషయాలనుంచి వెనక్కి మళ్ళించడం. దాన్ని నిర్వచించడం ఒక్క వాక్యంలో అయిపోయింది. రోజూ ఎలా చేయాలో వివరంగా రాసిపెట్టలేదు. ఈ లోటు పూడ్చాలని మానసరోగాల్లో ఎండీ చేసినవాళ్ళు ఇవాళ ప్రయత్నిస్తున్నారు. కేరళలో కొట్టక్కల్ దగ్గర మనోరోగాలకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి నడుస్తోంది. మన ఊళ్ళలో మాత్రం సత్త్వావజయమంటే చాలాచోట్ల "ధైర్యంగా ఉండండి" దగ్గరే తెల్లారిపోతుంది. ఆ మాట ఏ వైద్యుడూ లేకుండానే చుట్టాలు చెబుతారు.

చికిత్సాస్థానంలో ఉన్మాదం అధ్యాయం చదివితే రెండు ముఖాలు కనబడతాయి. ఇష్టమైనదాన్ని పోగొట్టుకుని మనసు చెదిరినవాడికి అలాంటిదాన్నే మళ్ళీ దక్కేలా చూసి ఊరడించమంటుంది. పెద్దమ్మకి కంచం దగ్గర తోడు వెతకడంలో నాకు కనబడింది అదే. అదే అధ్యాయంలో చెప్పినమాట వినని రోగిని కట్టేయడం, చీకటి గదిలో పెట్టడం, కోరలు తీసిన పాముతోనో మచ్చికైన సింహంతోనో భయపెట్టడం కూడా ఉన్నాయి. వీటిని దాచిపెట్టి మొదటిదాన్నే చూపించడం నాకిష్టం ఉండదు. మన పూర్వీకులకి అన్నీ తెలుసు అనేవాళ్ళు ఆ పేజీ కూడా తిప్పాలి.

ఇక మూలికల సంగతి. "ఆకు మందే కదా, చేస్తే మేలు, లేకపోతే ఏమీ కాదు" అనేది మనవాళ్ళ ధీమా. సర్పగంధ కథ వింటే ఆ ధీమా సడలుతుంది. బీహార్‌లో దాన్ని పిచ్చికి మందుగా వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు కలకత్తా వైద్యులు ఉన్మాదంలోనూ, రక్తపోటులోనూ అది పనిచేస్తోందని రాశారు. బొంబాయిలో రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులకిచ్చి 1949లో బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం కన్ను దాని మీద పడింది. 1952లో స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్తలు ఆ వేరునుంచి రెసర్పిన్ తీశారు. బీపీకి అది మింగినవాళ్ళలో కొందరు తీవ్రంగా కుంగిపోతున్నారని కొద్దికాలానికే డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. మెదడులో సెరొటోనిన్ నిల్వల్ని రెసర్పిన్ ఖాళీ చేస్తుందని 1955లో తేలింది. అయితే అవి తగ్గడమే డిప్రెషనా అనే ఊహ అక్కణ్ణుంచే బలపడింది. ఆ కుంగుబాటు అనుకున్నంత ఎక్కువమందికి రాలేదని తరవాతి పరిశీలకులు వాదించారు, అసలు ఆ సిద్ధాంతమే ఇవాళ మునుపటంత గట్టిగా లేదు. అయినా సరే, డిప్రెషన్ గురించి ఆధునిక వైద్యం ఆలోచించిన తీరుని మన సర్పగంధ వేరు ఒకటి మలుపు తిప్పింది. అదీ దాన్ని నయం చేసి కాదు, తెచ్చిపెట్టి.

అశ్వగంధ అలాంటిది కాదు. ఒత్తిడి, నిద్ర విషయంలో దానిమీద చిన్న చిన్న పరీక్షలు మెరుగే చూపించాయి. డిప్రెషన్ విషయంలో ఆధారం అంత లేదు. కాలేయం దెబ్బతిన్న కేసులు అరుదుగానే అయినా నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ముట్టుకోకూడదు. సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి, ఈ నాలుగూ చరకుడు మేధ్య రసాయనాలుగా చెప్పినవి. తెలివికి, జ్ఞాపకానికి అన్నాడు గానీ దిగులుకి అనలేదు. సీసాల మీద మాత్రం అన్నిటికీ అని ఉంటుంది. శిరోధార సంగతి చెప్పమంటే, నుదుటిమీద గోరువెచ్చని నూనె సన్నటి ధారగా పడుతుంటే కంటిమీదికి కునుకు రావడం నిజం. వారం ప్యాకేజీకి రిసార్టులు వసూలు చేసే డబ్బు గుర్తొస్తే ఆ కునుకు ఎగిరిపోవడమూ నిజమే.

చచ్చిపోవాలనే ఆలోచన, తిండీ నీళ్ళూ మానేయడం, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టుండటం, ఇలాంటివి కనబడితే పెసరకట్టుతో కాలయాపన చేయకూడదు. తిన్నగా మానసిక వైద్యుడి దగ్గరికే. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు అది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వేసుకుంటున్న మాత్రల్ని "ఆయుర్వేదంలోకి మారాను" అని ఒక్కసారిగా ఆపేయడం ఇంకో ప్రమాదం. మంచి వైద్యుడెవరూ ఆపమనరు.

పెద్దమ్మ గుంటూరు డాక్టరు రాసిన మాత్ర వేసుకుంది, తెనాలి నూనె కూడా రాయించుకుంది. కొన్నాళ్ళకి నిద్ర అయిదింటిదాకా సాగింది. ఏది పనిచేసిందంటే నా దగ్గర జవాబు లేదు, వాళ్ళిద్దరూ కూడా తమదేనని అనలేదు. మధ్యలో మా బాబాయి బలానికి మంచిదని మందుల షాపులో అశ్వగంధారిష్టం కొనిచ్చాడు. గుంటూరు డాక్టరు ఇంకా ఏమేం వాడుతున్నారో అన్నీ తెమ్మంటే సంచీలోంచి ఆ సీసా కూడా బయటికొచ్చింది. ఆయన లేబుల్ చదివి, "ఇందులో పులిసి పుట్టిన ఆల్కహాల్ అయిదునుంచి పది శాతం ఉంటుంది, తెలుసా అమ్మా?" అన్నారు. పెద్దమ్మ "రామ రామ" అని చెవులు మూసుకుంది. మరుక్షణం చేతులు దించి, "అందుకేనా డాక్టరుగారూ, రెండు మూతలు తాగిన రోజు అంత హాయిగా ఉంటోంది?" అని అడిగింది. తాను రాసిన నిద్రమాత్రతో అది కూడదని ఆయన సీసా తీసి పక్కన పెట్టేశారు. తెనాలికి ఫోన్ చేస్తే ఆయనా అదే అన్నారు, పొడి కూడా కొన్నాళ్ళు ఆపమన్నారు. నూనె మాత్రం ఇద్దరూ ఉంచమన్నారు.