సైకిలు బూటు: అంకె చెప్పని కొలత

పందెపు సైకిలు తొక్కువారికై ప్రత్యేకముగా తయారగు బూటు యంత్రశాస్త్ర దృష్టితో చూచినచో మెచ్చదగిన వస్తువే. సోలు వంగదు. బరువు తక్కువ. అడుగున బిగించిన క్లీటు అను బిళ్ళ పెడలులో చిక్కుకొని కాలిని జారనీయదు. 1984లో లుక్ అను ఫ్రెంచి కంపెనీ ఈ రకపు పెడలును బజారులోకి తెచ్చినది. మరుసటి సంవత్సరమే బెర్నార్ ఇనో దానితో టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచినాడు. అంతకుముందు తోలుపట్టీలతో పెడలుకు కట్టుకొనిన పాదము క్రమముగా బూటుద్వారా యంత్రమునకే తగులుకొన్నది. కాని ఇంత నేర్పుతో చేసిన బూటును కొనబోవు వానికి దొరకు ఆధారము సాధారణముగా ఒకే ఒక అంకె. లోపమంతయు అక్కడ ఉన్నది.

బూటుపై 42 అని ఉన్నదనుకొందము. ఐరోపాలో వాడు ఈ పద్ధతిలో ఒక్కొక్క అంకెకు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. కనుక 42 అనగా 28 సెంటీమీటర్లు. అది పాదపు పొడవు కాదు. బూటును ఏ అచ్చుపై కుట్టినారో ఆ అచ్చు పొడవు. పాదముకంటె అచ్చును ఎంత పొడవుగా ఉంచవలెనో నిర్ణయించువాడు తయారీదారుడే. అందుచేతనే ఒకరి 42 సరిపోయిన కాలికి మరొకరి 42 బిగుతుగా ఉండును. ఇంగ్లీషు అంకెలకు మెట్టు అంగుళములో మూడవ వంతు. పాదపు వెడల్పును గూర్చి రెండును మౌనమే. గది పొడవు మాత్రమే చెప్పి ఇల్లు అద్దెకిచ్చినట్లున్నది ఈ వ్యవహారము! కాలిని అట్టపై పెట్టించి చుట్టును గీత గీచుకొను పల్లెటూరి చెప్పులు కుట్టువాడు ఈ విషయమున మెరుగు.

ఇంతకంటె మంచి కొలతలు లేక కాదు. పాదపు పొడవును, వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపు మాండోపాయింటు పద్ధతి ఉన్నది. అమెరికాలో చార్లెస్ బ్రానక్ 1920ల దశకములో రూపొందించిన కొలపరికరము మడమనుండి బొటనవేలి మొదటి కీలువరకు గల దూరమును కూడ చూపును. సైకిలు తొక్కువానికి ఈ మూడవ కొలత ముఖ్యము. ఒకే పొడవుగల రెండు పాదములలో ఒకదానికి వేళ్ళు పొడుగు, మరొకదానికి పొట్టి కావచ్చును. క్లీటు సాధారణముగా ఆ కీలు సమీపముననే ఉండవలెను గదా!

నడకలో బరువు మడమనుండి వేళ్ళకు మారుచుండును. పెడలుపై అట్లు కాదు. నిమిషమునకు 90 చుట్లు తొక్కినచో ఒక్కొక్క ముందుపాదము గంటకు 5,400 సార్లు అదే చోట ఒత్తిడిని భరించును. అక్కడి ఎముకల నడుమ నాడులు పోవుచున్నవి. ఇరుకు బూటు ప్రక్కలనుండి నొక్కగా తిమ్మిరి, తరువాత మంట. చాలమంది అప్పుడు ఒక అంకె పెద్ద బూటు కొందురు. వెడల్పు కొంచెము పెరుగును, నిజమే. కాని మడమ జారును, క్లీటు స్థానము తప్పును.

గట్టి సోలును గొప్పగా చెప్పు ప్రకటనలను కూడ ప్రశ్నింపవలసి ఉన్నది. చిన్న పెడలు ఒత్తిడి ఒకేచోట గ్రుచ్చుకొనకుండుటకు కొంత గట్టిదనము అవసరమే. కాని 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగములో కార్బన్ సోలుగల బూట్లలో ముందుపాదము క్రింద గరిష్ఠ పీడనము ప్లాస్టిక్ సోలు బూట్లలోకంటె ఎక్కువగా కనబడినది. వెడల్పు అచ్చులపై బూట్లు చేయువారును, వేడితో పాదపు ఆకృతికి సరిచేయదగిన బూట్లు అమ్మువారును నేడు కొందరున్నారు. వారి కృషి సరియైన దారిలోనిదే.

తరగతిలో దీనిని పరీక్షించుట సులభము. సాయంకాలము, కాళ్ళు కొంత ఉబ్బియున్న వేళ, విద్యార్థి కూర్చుండగా కాగితముపై పాదము చుట్టు గీత గీయవలెను, నిలుచుండగా మరొకటి. రెండవ గీత సాధారణముగా వెడల్పుగా వచ్చును. బూటు లోపలి మెత్తని అట్టను తీసి దానిపై పరచినచో, గీత ఎక్కడ అట్టను దాటి వెలుపలికి పోయినదో అక్కడ బూటు పాదమును నొక్కుచున్నదన్నమాట.