నకలు వెనక ముద్ర

సివిల్ కోర్టు తీర్పు నకలు చేతికందగానే కక్షిదారు చూసేది ఆఖరి పేజీ. దావా డిక్రీ అయిందా, కొట్టేశారా అని. నేను ముందు కాగితం తిరగేస్తాను. అక్కడ కొట్టిన ముద్రలో కాపీయిస్టు చేత్తో నింపిన తేదీలుంటాయి: దరఖాస్తు పెట్టింది, చార్జీలు కట్టమన్నది, కట్టింది, నకలు సిద్ధమైంది, ఇచ్చింది. కోర్టు గుమస్తా పనితనం మీద నాకు గౌరవం కలిగించింది ఈ ముద్రే.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకైతే 90. నకలు కోసం పట్టే కాలాన్ని 12వ సెక్షను ఈ గడువులోంచి మినహాయిస్తుంది. అలాగని దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాగితం ఇంటికి తెచ్చుకున్న రోజు దాకా అంతా కలిసిరాదు. చార్జీలు కట్టమన్నాక కక్షిదారు పది రోజులు తాత్సారం చేస్తే ఆ పది రోజులూ అతని ఖాతాలోనే. ఆఫీసులో పట్టిన రోజులు మాత్రం మినహాయింపులోకి వస్తాయి. ఎవరి ఆలస్యం ఎంతో విడదీసి చూపడానికే అన్ని తేదీలు. ఒక్కటి తప్పు పడిందా, గడువులో వేసిన అప్పీలు కూడా గడువు దాటినట్టు కనిపిస్తుంది. రెండెకరాల పొలం ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ముద్ర దాకా రాకముందే అసలు పని ఉంది. నకలును మూలంతో సరిచూడటం. ఒకరు మూలం చదువుతుంటే మరొకరు నకలు మీద వేలుపెట్టి వెంట వెళతారు. పని తెలిసిన ఎగ్జామినరు ఆస్తి షెడ్యూలు దగ్గరికి రాగానే వేగం తగ్గిస్తాడు. సర్వే నంబరు 214/2 వస్తే ‘రెండు, ఒకటి, నాలుగు, బై, రెండు’ అని అంకె అంకె విడిగా పలుకుతాడు. తూర్పు హద్దు పుంత, దక్షిణ హద్దు పంట కాలువ అని ఉంటే ఏ దిక్కు పక్కన ఏది ఉందో మళ్లీ చూస్తాడు. ఇప్పుడు చాలాచోట్ల తీర్పులు కంప్యూటరులోంచే వస్తున్నాయి. పాత కట్టల్లోని చేతిరాత వాంగ్మూలాలకు మాత్రం ఈ కళ్లే దిక్కు.

మూలంలో ఊరి పేరు తప్పు పడి ఉంటే నకలులోనూ ఆ తప్పు అలాగే రావాలి. దిద్దే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.) 152వ సెక్షను కింద కోర్టుది. తెలిసిన తప్పును చూస్తూ చూస్తూ యథాతథంగా ఎత్తిరాయడం ఎంత నిగ్రహమో రాతపని చేసేవాళ్లకు తెలుసు. ఆ నిగ్రహం వల్లే అడుగున ‘నిజమైన నకలు’ అన్న ధ్రువీకరణకు విలువ. తేదీ, సంతకం, హోదా, కోర్టు సీలు ఉండాలని 1872 సాక్ష్య చట్టం 76వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టంలో అది 75వ సెక్షను.

నకలు తీసుకున్నాక కౌంటరు దగ్గరే తిరగేసి చూడండి. ఏ తేదీ అయినా ఖాళీగా ఉంటే అక్కడే అడిగి రాయించుకోండి. సిద్ధమైందని తెలిసిన రోజే వెళ్లి తెచ్చుకోండి. ఆ తర్వాత జరిగే ప్రతి రోజూ మీ గడువులోంచే పోతుంది.