పైసలు ఎటు పోతున్నయ్?

దసరా ముందు సింగరేణి లాభాల వాటా ఖాతాల్లో పడిందంటే శ్రీరాంపూర్ కాలనీల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఐపీఓ ఒకటి అచ్చింది, ఏద్దామా? అలాట్ అయితదా?" గ్రే మార్కెట్‌లో ఎంత పలుకుతోంది, లిస్టింగ్ నాడే అమ్ముకోవచ్చా అనీ అడుగుతారు. ఆ ఇష్యూను తెచ్చిన మర్చంట్ బ్యాంకర్ ఎవరని అడిగేవాళ్లు అరుదు. చాలా ఏళ్లు ఆ పనే చేసినవాణ్ని కనుక నాకు ముందు చూడాలనిపించేది ఆ పేరే.

మర్చంట్ బ్యాంకులో కౌంటరుండదు, పాస్‌బుక్కుండదు. కంపెనీకి ఎంత పెట్టుబడి కావాలో, షేర్లుగానా అప్పుగానా, ఏ ధరకో సలహా చెబుతుంది. ఆఫర్ పత్రం రాసి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ముందు పెడుతుంది. పెద్ద మదుపరులతో మాట్లాడుతుంది. అండర్‌రైటింగ్ ఒప్పుకుంటే, అమ్ముడుపోని షేర్లు తానే కొనాలి. విలీనాలు, బైబ్యాక్‌లు కూడా దాని పనే. మన దేశంలో 1967లో గ్రిండ్లేస్ బ్యాంకు, 1972లో స్టేట్ బ్యాంకు ఈ వ్యాపారంలోకి దిగాయి. 1992 నుంచి సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అయితే ఈ వృత్తికి ప్రాణం డ్యూ డిలిజెన్స్, అంటే కంపెనీ చెప్పిన ప్రతి మాటనూ ఆధారాలతో సరిచూడటం. ముసాయిదాలో ప్రతి అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుడతాం. పక్కన దానికి ఆధారమైన కాగితం నంబరు వేస్తాం. ఆధారం దొరకని అంకెను కొట్టేస్తాం. "దక్షిణాదిలో మాదే పెద్ద ఫ్యాక్టరీ" అని యజమాని అంటే, ఎవరు లెక్కగట్టారు, ఏ ఏడాది లెక్క అని అడగాలి. ఫ్యాక్టరీకి వెళ్లి గోదాములో సరుకు చూడాలి, కోర్టు కేసుల కాగితాలు తెప్పించుకోవాలి. యజమానికి కోపం వస్తుంది. వచ్చినా అడగాల్సిందే. చివర్లో "అన్నీ పరిశీలించాం" అని సెబీకి ఇచ్చే సర్టిఫికెట్ మీద సంతకం మనదే.

ఈ ప్రశ్నలు అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో మన బొగ్గు చరిత్రలోనే ఉంది. 1886లో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పుట్టింది. నిజాం రాజ్యంలో గనులు తవ్వే హక్కు దానిది. మూలధనం పది లక్షల పౌండ్లు, పది పౌండ్ల షేర్లు లక్ష. అందులో 85,000 షేర్లు, ఆ హక్కు సంపాదించిన వాట్సన్, స్టీవర్ట్‌లకే పోయాయి. పూర్తిగా సొమ్ము చెల్లించినట్టు రాసుకున్నారు గానీ, అవి హక్కును కంపెనీకి అప్పగించినందుకు దక్కిన షేర్లు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం 10,000 షేర్లు ఒక్కోటి 12 పౌండ్లకు కొన్నది. కొనిపెట్టింది బేరం నడిపిన నిజాం అధికారి అబ్దుల్ హక్. తీరా చూస్తే అమ్మకంలోనూ ఆయన చెయ్యే ఉంది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి దీన్ని విచారించింది. ఆ కంపెనీ ఆస్తులే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీకి వచ్చాయి.

లండన్‌లో అప్పటికే రోత్‌చైల్డ్, బేరింగ్ లాంటి పేరున్న మర్చంట్ బ్యాంకులు ఉన్నాయి. అయినా ఈ బేరంలో కొనేవాడి తరఫున "మా డబ్బు ఎవరి జేబులోకి పోతోంది?" అని అడగాల్సిన బాధ్యత ఎవరి మీదా పడలేదు.

దానికి పోలికగా మన కాలపు బొగ్గు ఇష్యూ ఒకటి చూద్దాం. 2010 అక్టోబరులో ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియా ఐపీఓ వచ్చింది. షేరు 245 రూపాయలు, మొత్తం 15,000 కోట్లకు పైన, అప్పటికి దేశంలో అదే పెద్దది. ఆ సొమ్ములో కోల్ ఇండియాకు ఒక్క రూపాయి రాలేదు. కేంద్ర ప్రభుత్వం తన వాటాలో పది శాతం అమ్ముకుంది, సొమ్మంతా దానికే. ఇందులో దాపరికం లేదు. ఇది ఆఫర్ ఫర్ సేల్ అని పత్రం మొదటి పేజీలోనే ఉంది. కొన్నవాళ్లు తెలిసే కొన్నారు. 1886కూ 2010కీ మధ్య ఈ వృత్తి సాధించిందేమిటని అడిగితే నేను ఆ ఒక్క పేజీనే చూపిస్తాను.

నన్ను బాధపెట్టేదీ ఒకటుంది. మర్చంట్ బ్యాంకర్‌కు ఫీజు ఇచ్చేది అమ్మేవాడు, నమ్మేది కొనేవాడు. ఇష్యూ ఆగిపోతే చేసిన చాకిరీకి ఫీజు దక్కకపోవచ్చు. అందుకే గట్టి ప్రశ్న అడగాల్సిన చోట నోరు మెత్తబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. చిన్న కంపెనీల ఎస్ఎంఈ ఇష్యూల్లో ఈ భయం మరీ ఎక్కువ. అక్కడ ఆఫర్ పత్రాన్ని సెబీ పరిశీలించి వ్యాఖ్యలు రాయదు, ఎక్స్చేంజీ చూస్తుంది. మర్చంట్ బ్యాంకర్ నిజాయితీ మీదే భారమంతా. గనిలో కష్టపడి దాచుకున్న గ్రాట్యుటీ డబ్బు, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) డబ్బు అలాంటి చోటికి పోతోందంటే నాకు నిద్ర పట్టదు.

కాబట్టి ఫోన్ చేసే తమ్ముళ్లకు చెబుతున్నా. ఆఫర్ పత్రం వందల పేజీలుంటుంది, అంతా చదవలేరు. రెండు చోట్ల మాత్రం తప్పకుండా ఆగండి. ఒకటి, ఇష్యూ సొమ్ము దేనికి వాడతారో చెప్పే అధ్యాయం. రెండోది, ఆ మర్చంట్ బ్యాంకర్ ఇంతకుముందు తెచ్చిన ఇష్యూల పట్టిక. లిస్టింగ్ అయిన 30, 90, 180 రోజులకు ఒక్కో షేరు ధర ఎలా కదిలిందో అందులో వేయాలని నిబంధన. ఆ రెండూ చూసి ఫోన్ చేయండి, అలాట్‌మెంట్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.