ఎగువకు నడిచిన డెల్టా

నీళ్ళు పల్లానికి పోతాయి. కృష్ణా డెల్టా మనిషి నీళ్ళకు ఎదురు నడిచాడు. సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవ గట్టునే పుట్టి పెరిగిన తరాలు అవి. వాటాలు పడీ పడీ ఎకరాలు సెంట్లయిన ఇళ్ళు. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం లేచిందని విని సామాను సర్దుకున్నాయి. అవీ మన నీళ్ళే కదా! ఎటూ సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి మన బోదెలోకి రావలసినవే. అంతదాకా ఆగలేక ముందే వెళ్ళి పట్టుకున్నారు, అక్కడే క్యాంపులనే కొత్త ఊళ్ళు కట్టుకున్నారు.

క్యాంపూ, నిన్ను పొగడాలంటే ముందు నీ రేగడిని తలవాలి. ఎండితే కాలు దిగే బీటలు, తడిస్తే బండి ఇరుసుదాకా పట్టే జిగురు. జొన్నా పత్తీ తప్ప మరొకటి ఎరగని ఆ మెట్టలో తుమ్మలు నరికారు, గట్లు పోశారు, దమ్ము చేసి నారు నాటారు. ఇక్కడ ఎకరం అమ్మిన డబ్బుకు అక్కడ ఎన్నో ఎకరాలు వచ్చాయి నిజమే, వాటితోపాటు గుడిసె, లాంతరు, తేళ్ళు, చలిజ్వరం కూడా వచ్చాయి. అంతకు ముందే, 1931లో నిజాంసాగర్ కట్టాక, బోధన్, వర్ని వైపు వెళ్ళినవాళ్ళు నీకు అక్కలూ అన్నలూ.

సింధనూరు, గంగావతి, కారటగి, మాన్వి: ఒక పక్క పాత కన్నడ ఊరు, కాలవ దాటితే తెలుగు క్యాంపు, మధ్యలో రైసు మిల్లు. ఊడుపులకు మెట్ట పల్లెల ఆడవాళ్ళు. 1970ల్లో సర్కారు తూర్పు బెంగాల్ శరణార్థులనూ తెచ్చి సింధనూరు పక్కనే దించింది. కర్ణాటక అన్నం గిన్నె అని పేరొచ్చిన ఆ నేలమీద ఎవరి అన్నం ఎవరు వండారో విడదీసి చెప్పడం ఎవరి తరం?

కంచంలో జొన్నరొట్టె, దానిమీద గోంగూర పచ్చడి. "కాలవలో నీళ్ళొచ్చినాయేమో చూసి రారా" అంటుంది నానమ్మ. మనవడు పరుగెత్తి వచ్చి గుమ్మంలోంచే అరుస్తాడు: "నీరు బంతు నానమ్మా!" బడిలో కన్నడం, వంటింట్లో తెలుగు, పొలంలో రెండూ. పెళ్ళి సంబంధానికి గుడివాడ నుంచి వచ్చినవాళ్ళు "పిల్లది ఏ ఊరండీ?" అంటే "శ్రీరామనగర్ క్యాంపు" అని ఠక్కున జవాబు. తాత ఊరి పేరు రెండో ప్రశ్నకు గానీ బయటికి రాదు.

ఒక మాట దాచితే ఇది స్తోత్రం కాదు, పెళ్ళిపందిట్లో పొగడ్త. తుంగభద్ర ఎడమ కాలవను ఎక్కువగా జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటల కోసం తవ్వారు, ఊరూరా వరి పండడానికి కాదు. తల దగ్గర మన మడి నిండుగా తాగితే తోక దగ్గర రాయచూరు రైతు ఖాళీ కాలవ చూస్తూ కూర్చున్నాడు. చౌకగా భూమి అమ్ముకున్నవాళ్ళలో కొందరు అదే చేలో కూలికి వంగారు. క్యాంపూ, నీ పచ్చదనంలో వాళ్ళ వాటా ఉంది. ఆ లెక్క నువ్వింకా తేల్చలేదు.

అయినా నువ్వంటే నాకు ముద్దే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. పంట ఉంటుందా ఊడుతుందా అని డెల్టా చుట్టాలందరూ క్యాంపులకు ఫోన్లు కలిపారు. వారం తిరిగేసరికి గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో అడ్డంగా స్టాప్‌లాగ్ పలకలు దించి నీళ్ళు నిలిపారు. నెల తిరక్కుండా, సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ మీదుగా పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిపోయాయి. ఈసారి ఫోన్లు అటునుంచి ఇటు. "అన్నయ్యా, వదినను, పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యి. ఇల్లుంది, వడ్లున్నాయి. ఎన్నాళ్ళయినా ఉండు."