ఫలమా, కూలియా? నెరవేరిన ప్రవచన వాదంలో పరలోక బహుమానం: ఉద్దానం శ్రమభాష వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
క్రీస్తు రాకడ, మృతుల పునరుత్థానం, తీర్పు గురించి కొత్త నిబంధనలో ఉన్న ప్రవచనాలు క్రీ.శ. 70లో యెరూషలేము పతనంతో నెరవేరాయని చెప్పే వ్యాఖ్యాన ధోరణిని నెరవేరిన ప్రవచన వాదం అంటారు. విశ్వాసులకు పరలోకంలో లభించే బహుమానాన్ని ఈ వాదం ఏ విధంగా అర్థం చేసుకుంటున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూలంలోని ‘మిస్థోస్’ అనే ఒకే గ్రీకు పదాన్ని తెలుగు బైబిలు ఫలము, జీతము, కూలి అని వేరువేరుగా అనువదించింది. ఈ భేదం వెనుక కాలానికి సంబంధించిన ప్రశ్న ఉంది. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతపు శ్రమజీవనంలో ఫలానికి ఒక గడువు, కూలికి మరొక గడువు ఉన్నాయి. ఆ గడువుల ఆధారంగా ఈ వాదపు బలాన్ని, పరిమితిని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బహుమానం, మిస్థోస్, నెరవేరిన ప్రవచన వాదం, ఉద్దానం, అనువాదం, పురుషోత్తమ చౌదరి.

1. ఉపోద్ఘాతం:
తెలుగు క్రైస్తవ ప్రసంగాలలో పరలోక బహుమానం తరచుగా వినిపించే అంశం. జీవకిరీటం, నీతికిరీటం, మహిమకిరీటం, అక్షయకిరీటం, అతిశయకిరీటం అని ఐదు కిరీటాలను వరుసగా వివరించే ప్రసంగాలు తెలుగు సంఘాలకు సుపరిచితం. ఈ బోధలో బహుమానానికి కాలం భవిష్యత్తు. విశ్వాసి మరణిస్తాడు, ప్రభువు సన్నిధిలో విశ్రమిస్తాడు, రెండవ రాకడ తరువాత క్రీస్తు న్యాయపీఠం ఎదుట తన పనికి తగిన బహుమానం అందుకుంటాడు. అంటే పని ముగియడానికి, బహుమానం అందడానికి మధ్య ఒక నిరీక్షణ కాలం ఉంటుంది. ఆ కాలం ఇప్పటికి దాదాపు రెండు వేల ఏళ్లు.

ఆ నిరీక్షణ కాలాన్ని నెరవేరిన ప్రవచన వాదం ప్రశ్నిస్తుంది. శ్రీకాకుళం జిల్లా సంఘాలలో ఈ వాదం ఎంతవరకు వ్యాపించింది అన్నది ఈ వ్యాస విషయం కాదు. పనికి, ప్రతిఫలానికి మధ్య దూరాన్ని అనుభవంతో ఎరిగిన ప్రాంతపు భాషతో ఆ వాదాన్ని పరీక్షిస్తే ఏమి తేలుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. ఒక గ్రీకు పదం, మూడు తెలుగు పదాలు:
కొత్త నిబంధనలో బహుమానానికి వాడిన ప్రధాన పదం మిస్థోస్. చేసిన పనికి ఇవ్వవలసిన వేతనం అని దాని ప్రాథమికార్థం. తెలుగు సంఘాలలో విస్తారంగా చదివే పాత అనువాదంలో ఈ పదం సందర్భాన్ని బట్టి రూపం మార్చుకుంది. హింసలు పొందినవారిని ధన్యులుగా చెప్పే మత్తయి 5:12లో అది ‘ఫలము’. ద్రాక్షతోట ఉపమానంలో, మత్తయి 20:8లో, ‘కూలి’. కోత కోసినవారికి యజమానులు బిగపట్టిన వేతనాన్ని గురించి చెప్పే యాకోబు 5:4లోనూ ‘కూలి’. రోమా 4:4లోను, మొదటి కొరింథీ 3:14లోను, ప్రకటన 22:12లోను ‘జీతము’.

అనువాదకులకు ఈ భేదం తెలియదని అనుకోవడానికి వీలులేదు. యోహాను 4:36లో కోత కోసేవాడు పొందే మిస్థోస్, అతడు సమకూర్చుకొనే కార్పోస్ ఒకే వాక్యంలో పక్కపక్కన వస్తాయి. అక్కడ మొదటిదానికి ‘జీతము’, రెండవదానికి ‘ఫలము’ అని స్పష్టంగా వేరుచేశారు. కార్పోస్ అంటే చెట్టు కాసే పండు, పొలం ఇచ్చే పంట. అయినప్పటికీ పరలోకంలోని బహుమానం ప్రస్తావనకు వచ్చిన సువార్త భాగాలలో మిస్థోస్ కూడా ‘ఫలము’గానే మారింది. భూమి మీద జరిగే చెల్లింపు కూలి అయింది, పరలోకంలో జరిగేది ఫలం అయింది.

ఈ ఎంపిక ఫలితం చిన్నది కాదు. తెలుగులో ఫలం అనగానే కర్మఫలం, పుణ్యఫలం స్ఫురిస్తాయి. ఫలం పక్వానికి రావాలి, అందుకు కాలం పడుతుంది, ఆలస్యం దాని స్వభావంలోనే ఉంది. ఫలం ఆలస్యమైతే ఎవరూ దోషి కారు. కూలి ఆలస్యమైతే ఇవ్వవలసినవాడు దోషి అవుతాడు. ధర్మశాస్త్రం (లేవీ 19:13, ద్వితీయోపదేశ 24:15) కూలివాని వేతనాన్ని మరునాటి వరకు ఉంచుకోవడాన్ని నిషేధించింది. ద్రాక్షతోట యజమాని కూడా సాయంకాలం కాగానే లెక్క తీర్చాడు. కనుక మిస్థోస్‌ను ఫలంగా చదివిన పాఠకుడికి ఆలస్యం సహజంగా తోస్తుంది. కూలిగా చదివిన పాఠకుడికి అది సమస్యగా కనిపిస్తుంది.

మత్తయి 6వ అధ్యాయంలో ఇంకొక సూక్ష్మం ఉంది. మనుషుల మెప్పు కోసం ధర్మం చేసినవారు తమ ఫలం పొందేశారని యేసు చెప్పిన చోట వాడిన గ్రీకు క్రియ, ఆనాటి రసీదులలో సొమ్ము పూర్తిగా ముట్టిందని రాసే క్రియే. పపైరస్ పత్రాల ఆధారంగా అడాల్ఫ్ డైస్‌మన్ ఈ విషయాన్ని చూపించాడు. ‘పైకం ముట్టినది’ అని రాసి సంతకం చేసే తెలుగు అలవాటుకు ఇది చాలా దగ్గర. బహుమాన భాష మూలంలో లెక్కల భాష అని చెప్పడానికి ఈ ఆధారం చాలు.

3. నెరవేరిన ప్రవచన వాదం – గడువు ప్రశ్న:
ప్రకటన గ్రంథంలోని చాలా భాగాన్ని తొలి శతాబ్దాల చరిత్రకు అన్వయించే పద్ధతిని స్పానిష్ జెసూట్ పండితుడు లూయిస్ దె అల్కాసర్ (1554–1613) విస్తృతంగా ప్రతిపాదించాడు. దానిని సమగ్ర సిద్ధాంతంగా నిలిపిన గ్రంథాలలో ముఖ్యమైనది జేమ్స్ స్టువర్ట్ రసెల్ రాసిన ‘ది పరూసియా’. 1878లో ఇది రచయిత పేరు లేకుండా వెలువడింది. రసెల్ ఇంగ్లండులో కాంగ్రిగేషనల్ సంఘ బోధకుడు. 1805లో విశాఖపట్నంలో పని ప్రారంభించిన లండన్ మిషనరీ సొసైటీకి ప్రధాన ఆధారం కూడా ఆ సంఘాలే. ఉత్తరాంధ్ర క్రైస్తవానికి పునాది వేసిన సంప్రదాయంలోనుంచే ఈ ప్రశ్న పుట్టింది.

ఈ వాదంలో రెండు శాఖలు ఉన్నాయి. పాక్షిక శాఖ క్రీ.శ. 70లో యెరూషలేము మీదికి తీర్పు వచ్చిందని అంగీకరించి, అంతిమ పునరుత్థానాన్ని భవిష్యత్తుకు ఉంచుతుంది. సంపూర్ణ శాఖ పునరుత్థానాన్ని కూడా ఆ సంవత్సరానికే ముడివేస్తుంది. పాతాళంలో నిరీక్షించిన పూర్వ భక్తులు అప్పుడు విడుదల పొందారని, అప్పటినుంచి మరణించే ప్రతి విశ్వాసి నేరుగా పరలోకంలో ప్రవేశించి తన బహుమానం అందుకుంటాడని దాని సారాంశం.

బహుమానం విషయంలో ఈ వాదానికి మూలవాక్యాలలోని కాలసూచకాలే ఆధారం. ప్రతివానికి వాని క్రియల చొప్పున ప్రతిఫలమిస్తానని చెప్పిన వెంటనే, అక్కడ నిలిచినవారిలో కొందరు దానిని చూసేవరకు మరణించరని మత్తయి 16:27–28 చెబుతుంది. జీతం తనయొద్ద ఉన్నదని చెప్పే ప్రకటన 22:12 త్వరగా వస్తున్నానని కూడా అంటుంది. హెబ్రీ పత్రిక పదో అధ్యాయం ఆస్తులు కోల్పోయిన విశ్వాసులకు గొప్ప బహుమానాన్ని జ్ఞాపకం చేసి, మిగిలిన కాలం బహు కొంచెమని ధైర్యం చెబుతుంది. ఈ మాటలు విన్న మొదటి తరం వారు నిజంగా నష్టపోయినవారు, చెరలో పడినవారు. వారికి ‘త్వరగా’ అని చెప్పి వేల ఏళ్లు ఆగమనడం మాట తప్పడమే అవుతుందని ఈ వాదం అంటుంది. ప్రకటన 14:13లో ‘ఇప్పటినుండి’ మరణించే భక్తులు ధన్యులని, వారి క్రియలు వారి వెంట వెళ్తాయని చెప్పడాన్ని ఇది ప్రత్యేకంగా ఎత్తిచూపుతుంది. ఈ వాదానికి పేరు ఏదైనా, లోపల జరుగుతున్న పని ఒక్కటే: మిస్థోస్‌ను ఫలంగా కాక కూలిగా చదవడం.

4. ఉద్దానంలో ఫలం, కూలి:
సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల మీదుగా సాగే ఉద్దానం తీరం కొబ్బరి, జీడి, పనస తోటల ప్రాంతం. ఇక్కడ ఫలం అనేది దీర్ఘకాలిక విషయం. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తండ్రి నాటిన చెట్టు కొడుకుల కాలంలో నిండుగా కాస్తుంది. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చినప్పుడు పోయింది ఒక ఏటి పంట కాదు, ఒక తరం నిరీక్షణ.

పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమలో కాలం వేరు. జీడిపిక్కలు కొట్టే, పప్పు పొట్టు తీసే పనిలో స్త్రీలు అధికం. పిక్క చమురు చేతులను కాలుస్తుంది. పని తూకంతో లెక్కకు వస్తుంది, ఆ లెక్క మీదే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు క్వారీలలో రాయి కొట్టేవారికీ అంతే. తోటవానికి ఫలం ఆలస్యం కావచ్చు, కూలివానికి కూలి ఆలస్యం కారాదు. ఒకే ఊరిలో, ఒక్కొక్కసారి ఒకే ఇంటిలో, ఈ రెండు కాలాలు కలిసి నడుస్తాయి.

ఈ ప్రాంతంలో మూడో కాలం కూడా ఉంది. దశాబ్దాలుగా ఉద్దానాన్ని పీడిస్తున్న దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణం పూర్తిగా నిర్ధారణ కాలేదు. పొలాల్లో, తోటల్లో ఎండలో శ్రమించేవారు దీనికి ఎక్కువగా గురవుతున్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పని చేయవలసిన వయసులో డయాలిసిస్ మంచం మీద ఉన్న మనిషికి బహుమానం ఎప్పుడు అన్న ప్రశ్న సిద్ధాంత చర్చ కాదు. అతడి ఇంట్లో మరణం జరిగినప్పుడు సంఘ కాపరి చెప్పవలసిన మాట అది.

5. వాదపు బలం:
ఇటువంటి ఇంటిలో నెరవేరిన ప్రవచన వాదం చెప్పగలిగిన మాట స్పష్టంగా ఉంటుంది. మరణించినవాడు ఏ వరుసలోనూ నిలబడి లేడు, అతడి లెక్క ఆ సాయంకాలమే తీరింది. భవిష్యద్వాద బోధ కూడా మరణించిన విశ్వాసి ప్రభువు సన్నిధిలో ఉన్నాడనే చెబుతుంది. కాని బహుమానాన్ని మాత్రం మరొక దినానికి వాయిదా వేస్తుంది. సన్నిధిని ఇచ్చి కూలిని ఆపిన యజమాని చిత్రం ఆ బోధలో తెలియకుండానే ఏర్పడుతుంది. ద్వితీయోపదేశం కూలివాని పక్షాన పెట్టిన నియమాన్ని దేవుడు తనకు తాను కూడా వర్తింపజేసుకున్నాడని చూపడం ఈ వాదపు ప్రధానమైన నైతిక బలం.

6. వాదానికి ఎదురయ్యే చిక్కు:
అయితే యాకోబు 5:4 దగ్గర ఈ వాదం తడబడుతుంది. అక్కడ కూలి మౌనంగా లేదు. బిగపట్టిన కూలే మొఱ్ఱపెడుతుంది, ఆ కేకలు సైన్యములకధిపతి చెవులకు చేరాయి. అదే అధ్యాయపు తొమ్మిదో వచనం న్యాయాధిపతి వాకిట నిలిచి ఉన్నాడని చెబుతుంది. ఆ న్యాయాధిపతి క్రీ.శ. 70లో వచ్చి తీర్పు తీర్చి ముగించాడని సంపూర్ణ శాఖ అంటుంది. ఆ తరం భూస్వాముల విషయంలో ఆ వివరణ సరిపోవచ్చు. ఆ తరువాతి శతాబ్దాలలో, ఇతర దేశాలలో కూలి ఎగ్గొట్టినవారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు, ప్రతి మనిషికీ మరణం తరువాత తీర్పు ఉన్నదన్న హెబ్రీ 9:27 సమాధానంగా చూపుతారు.

ఈ సమాధానం అసంపూర్ణం. యాకోబు వర్ణించిన మొఱ్ఱ పొలంలోనుంచి, నలుగురికీ వినబడేలా లేచింది. దాని పరిష్కారం మాత్రం ఒక్కొక్కరి మరణానంతర ఏకాంతంలో జరిగితే, మోసపోయినవారు, మోసం చేసినవారు, చూసి ఊరుకున్నవారు ఒకే వేదిక ముందు నిలబడే సందర్భం ఎన్నటికీ రాదు. మత్తయి 25లో జనములన్నీ సింహాసనం ఎదుట పోగు కావడానికి కారణం ఆ బహిరంగతే. నమ్మకస్థుడైన కూలివానికి కూలి సకాలంలో ముట్టింది సరే, మోసపోయిన కూలివానికి బహిరంగ న్యాయం ఎక్కడ? పాక్షిక శాఖ అంతిమ తీర్పును విడిచిపెట్టకపోవడానికి కారణం ఈ ప్రశ్నే కావచ్చు.

సంపూర్ణ శాఖకు ఒక మార్గం మిగిలి ఉంది. ప్రకటన 21, 22 అధ్యాయాలలోని నూతన యెరూషలేము ఇప్పటికే వచ్చిందని వారు అంటారు. అక్కడి జీవవృక్షపు ఆకులు జనములను స్వస్థపరచడానికని గ్రంథం చెబుతుంది. రాజ్యం వచ్చిందన్నది నిజమైతే న్యాయాన్ని, స్వస్థతను పరలోకానికి వాయిదా వేసే హక్కు సంఘానికి ఉండదు. కూలి ఎగ్గొట్టినవాడిని రాబోయే తీర్పుకు వదిలిపెట్టడం కుదరదు, ఇక్కడే నిలదీయాలి. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వైద్యుడు బెన్ గలిసన్ సోంపేట ఆరోగ్యవరం ఆసుపత్రిలో చేసిన నేత్రచికిత్స నుంచి 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అనే సంస్థ పుట్టింది. ఆ సేవ ఈ వాదం నుంచి పుట్టినది కాదు. కాని రాజ్యం వచ్చిందని చెప్పేవారు తమ మాటకు రుజువుగా చూపవలసిన పని అటువంటిదే. ఆ రుజువు లేనప్పుడు ‘నెరవేరింది’ అన్న మాట, కూలి అందనివాడికి ‘ముట్టినది’ అని రాసిన రసీదు ఇవ్వడంతో సమానం.

7. కూలి లెక్కకు అందని భాగం:
రెండు పక్షాలూ గమనించవలసిన మరొక విషయాన్ని ఈ నేల కవి సూచిస్తాడు. టెక్కలికి ఎగువన ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటికి ఆయువుపట్టు. ‘త్రాహిమాం క్రీస్తునాథ’ వంటి కీర్తనలో భక్తుడు పనివానిగా వేతనం అడగడు, శరణాగతునిగా దయ అడుగుతాడు. వైష్ణవ భక్తిసంస్కారం నుంచి వచ్చిన ఈ శరణాగతి, పనిచేసేవానికి జీతం ఋణమే కాని దానం కాదని చెప్పే రోమా 4:4 వాదానికి తెలుగులో దొరికిన సహజరూపం. ద్రాక్షతోటలో చివరి గంటకు వచ్చినవాడికి దక్కింది కూడా కూలి పేరుతో వచ్చిన కృపే. కృప కనుక ఎప్పుడైనా ఇవ్వవచ్చని వాయిదా వేయడానికి వీలులేదు. ఆ యజమాని కృపను కూడా సాయంకాలం దాటనివ్వలేదు.

8. ముగింపు:
పరలోక బహుమానాన్ని ‘ఫలము’గా చదివే అలవాటు నిరీక్షణ కాలాన్ని ప్రశ్నించకుండా చేసింది. నెరవేరిన ప్రవచన వాదం మిస్థోస్‌లోని కూలి అర్థాన్ని, దానితోపాటు గడువును తిరిగి తెచ్చింది. అది ఈ వాదానికి దక్కవలసిన గౌరవం. అయితే కూలి అనే మాటను స్వీకరించినవారు ఆ మాట వెంట వచ్చే మొఱ్ఱను కూడా స్వీకరించాలి. సంపూర్ణ శాఖ చెల్లింపును నిలబెట్టింది, ఫిర్యాదును కొట్టివేసింది. పాక్షిక శాఖ ఫిర్యాదుకు చోటు ఉంచింది, చెల్లింపు గడువును మళ్లీ సడలించింది. ఉద్దానం తోటలో నాటిన కొబ్బరికి, పలాస బట్టీలో కొట్టిన జీడిపిక్కకు ఒకే గడువు లేదని ఎరిగిన పాఠకుడు ఈ రెండింటిలో ఏదీ చాలదని గ్రహిస్తాడు. తెలుగులో బహుమాన సిద్ధాంతాన్ని చర్చించేవారు మొదట తేల్చుకోవలసింది రాకడ ఏ సంవత్సరమన్నది కాదు, మత్తయి 5:12లోని ‘ఫలము’ను ‘కూలి’గా చదివే ధైర్యం ఉన్నదా అన్నది.