పద్దులో 18 గజాలే

అమెరికన్ ఫుట్‌బాల్ పాత వీడియోల్లో ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని పరుగు ఒకటుంది. అది 1977 నవంబరు నాటిది. షికాగో బేర్స్‌కూ కేన్సస్ సిటీ చీఫ్స్‌కూ మ్యాచ్. షికాగో ఆటగాడు వాల్టర్ పేటన్ చేతికి బంతి వచ్చింది. అతను వెళ్దామనుకున్న చోట అప్పటికే మనుషులు గోడ కట్టేశారు. ఇంకెవరైనా అయితే తల వంచుకుని ఆ గోడకే ఒరిగిపోయేవారు. పేటన్ మళ్ళాడు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పట్టుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు జారి కిందపడ్డారు. ఎన్ని చేతులు మీద పడినా అతని కాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. చివరికి అతన్ని నేలకు తెచ్చేసరికి దాటిన దూరం 18 గజాలు. పద్దులో అది 18గానే పడింది. అడ్డెవరూ లేని దారిలో హాయిగా పరిగెత్తిన 18 గజాలైనా పద్దులో అలాగే పడతాయి. రన్నింగ్ బ్యాక్ పనితనమంతా ఈ రెండు పద్దెనిమిదుల మధ్య తేడాలోనే ఉంది.

ఈ ఆట చూడనివారి కోసం రెండు మాటలు. జట్టుకు 11 మంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి ఎదుటివారిది. అక్కడి యార్డు మనకు కొత్తదేం కాదు, ఇళ్ళ స్థలాలు కొలుచుకునే గజమే. ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని దూరంగా విసరవచ్చు, లేదా తన వెనక నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టవచ్చు. ముందు వరసలోని అయిదుగురు భారీ మనుషులు ఎదుటివారిని నెట్టి సందు తెరుస్తారు. ఆ సందు తెరిచి ఉండేది రెప్పపాటు. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఏడుగురి మధ్య ఎలా చిక్కుకుంటాడో మనం చూసిందే. అయితే వాడు వెనక్కి తిరిగి గీత తాకితే చాలు. రన్నింగ్ బ్యాక్‌కు వెనకడుగు నష్టం. ఎదురుగా ఉన్నవాళ్ళ మధ్య నుంచే పోవాలి.

ఈ పనిలో ఎవరు మొనగాడన్న వాదన అమెరికాలో తరాలుగా సాగుతోంది. మామూలుగా మొత్తం గజాలు కూడి తేల్చేస్తుంటారు. ఆ లెక్కన 18,355 గజాలతో ఎమ్మిట్ స్మిత్ అందరికన్నా పైన ఉన్నాడు, 16,726తో పేటన్ ఆ తర్వాత. బ్యారీ శాండర్స్‌వి 15,269. జిమ్ బ్రౌన్‌వి 12,312. కానీ బ్రౌన్ అడుగుపెట్టిన 1957లో సీజన్‌కు 12 మ్యాచ్‌లే. అవి 1961లో 14, 1978లో 16, 2021లో 17 అయ్యాయి. ఒకే సీజన్ రికార్డు ఎరిక్ డికర్సన్‌ది: 1984లో 16 మ్యాచ్‌ల్లో 2,105 గజాలు. ఓ.జె. సింప్సన్ 1973లో 2,003 గజాలు తీసింది 14 మ్యాచ్‌ల్లోనే, అంటే మ్యాచ్‌కు 143 పైమాటే. 2024లో సేక్వాన్ బార్క్లీ 2,005 గజాలు చేసి, 17వ మ్యాచ్‌లో విశ్రాంతి తీసుకున్నాడు. ముగ్గురివీ రెండువేల పైచిలుకే, అయినా ఒకే తూకపు రాళ్ళతో తూచలేం.

మ్యాచ్‌ల సంఖ్య ఒక్కటే కాదు, ఆట తీరే మారింది. 1978లో వచ్చిన నిబంధనలు బంతి అందుకునేవారికి స్వేచ్ఛ ఇచ్చాయి, దారి తెరిచే ముందు వరసకు చేతులు చాపే వీలిచ్చాయి. అప్పటినుంచి ఆట గాలిలోకి లేచింది. అంతకుముందు బంతి నేల మీదే వస్తుందని ఎదుటివారికి ముందే తెలుసు, అందుకు సిద్ధంగానే నిలబడేవారు. కాబట్టి కాలాలు దాటి మనుషుల్ని పోల్చాలంటే మొత్తాలను పక్కన పెట్టి, అన్ని కాలాల్లోనూ మారని ఒక్క క్షణాన్ని చూడాలి. సందు మూసుకుపోయింది. ఇప్పుడు ఇతనేం చేశాడు?

జిమ్ బ్రౌన్ చేసింది పగలగొట్టడం. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో తొమ్మిది సీజన్లు, 118 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్కటీ తప్పలేదు. ఆ తొమ్మిదిలో ఎనిమిది సీజన్లు లీగ్ మొత్తానికీ అతనే ముందు. పరుగుకు సగటున 5.2 గజాలు, మ్యాచ్‌కు 104.3. కెరీర్ మొత్తంలో మ్యాచ్‌కు వంద గజాల సగటు దాటినవాడు ఈనాటికీ అతనొక్కడే. ఆరడుగుల రెండంగుళాల మనిషి, 230 పౌన్ల బరువు. అంత మనిషికి అంత వేగం ఉండడం ఆ రోజుల్లో ఎవరూ చూడనిది. బరువుతోనే గెలిచాడని కొందరంటారు. వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే ఆ మాట నిలవదు. ఢీకొనే ముందు భుజం కాస్త దించుతాడు, ఖాళీగా ఉన్న ముంజేతిని సరిగ్గా అవతలివాడి ఛాతీకి అందిస్తాడు, ఆ దెబ్బ తగులుతున్న క్షణంలోనే తుంటిని పక్కకు తీసేస్తాడు. పట్టుకోవడానికి వచ్చినవాడి చేతులకు గాలే మిగులుతుంది.

అతని పనిలో నాకు బాగా నచ్చింది పడిపోయాక చేసేది. ప్రతిసారీ ముసలివాడిలా మెల్లగా లేచేవాడు, కాళ్ళీడ్చుకుంటూ మెల్లగా వెనక్కి నడిచేవాడు. నిజంగా దెబ్బ తగిలినా అంతే, తగలకపోయినా అంతే. ఏ దెబ్బ పనిచేసిందో ఎదుటివారికి ఎప్పటికీ తెలిసేది కాదు. మరుక్షణం బంతి అందగానే మళ్ళీ అదే పిడుగు. తన ఒంటి గురించిన సమాచారాన్ని కూడా దాచుకుని వాడుకున్న మనిషి అతను. 1966లో, 30 ఏళ్ళ వయసులో, లండన్‌లో ‘ది డర్టీ డజన్’ సినిమా షూటింగ్‌లో ఉండగా ఆట మానేస్తున్నానని చెప్పేశాడు. అప్పటికి అతనిలో తగ్గుదల అన్నది ఎవరూ చూడలేదు.

శాండర్స్ చేసింది మాయం కావడం. డెట్రాయిట్ లయన్స్ జట్టు, 1989 నుంచి 1998 దాకా పది సీజన్లు. ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలే. తొడలు మాత్రం దుంగల్లా ఉండేవి. మామూలు పరుగువీరుడు దిశ మార్చాలంటే రెండు మూడు అడుగులు చిన్నవి చేసుకుని వేగం తగ్గించాలి. శాండర్స్ పూర్తి వేగంలో ఉండి ఒక్క అడుగులో నిలిచిపోగలడు, మరుసటి అడుగులో మళ్ళీ పూర్తి వేగంలో ఉండగలడు. 1994లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ మీద ఒక పరుగులో ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. గుంపు దాటాక ఒక్క డిఫెండర్ మిగిలాడు. శాండర్స్ ఒక వైపు కదిలాడు, అతనూ తిరిగాడు. శాండర్స్ వెంటనే రెండో వైపు కోశాడు. ఆ డిఫెండర్ తేరుకోవడానికి ఉన్నచోటే గిర్రున చుట్టూ తిరిగాడు. ముఖం మళ్ళీ ముందుకు వచ్చేసరికి ఎదుట మనిషి లేడు. శాండర్స్ అతన్ని ముట్టుకోనైనా లేదు.

1997లో మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి శాండర్స్ తీసింది 53 గజాలు. తర్వాతి 14 మ్యాచ్‌ల్లో వరసగా ప్రతిదాంట్లోనూ వంద దాటాడు, ఆ 14లో తీసినవి సరిగ్గా 2,000. సింప్సన్ 14 మ్యాచ్‌ల 2,003 పక్కన పెట్టి చూడదగిన లెక్క ఇదొక్కటే. ఇంత చేసినవాడు టచ్‌డౌన్ చేశాక, అంటే బంతితో చివరి గీత దాటాక, గంతులేసేవాడు కాదు, బంతిని రిఫరీ చేతిలో పెట్టి వెళ్ళిపోయేవాడు. మొదటి సీజన్ చివరి మ్యాచ్‌లో ఇంకో 11 గజాలొస్తే లీగ్‌లో మొదటివాడయ్యేవాడు. మ్యాచ్ ఎలాగూ గెలిచేశాం కదా అని మళ్ళీ మైదానంలోకి దిగలేదు. 1999లో పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉండగా సొంతూరు విచిటా పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట నుంచి తప్పుకున్నాడు. అయితే ఆ మాయకూ ఖరీదుంది. కొత్త దారి వెతుకుతూ వెనక్కి వెళ్ళి, ఉన్న గజాలు పోగొట్టుకున్న సందర్భాలు అతని ఆటలో తక్కువేం కావు.

స్మిత్ పని వేరు. సందు మూసుకుపోక ముందే దాన్ని చదివేవాడు. బంతి అందగానే దూకడు. ముందు నడిచే ఫుల్‌బ్యాక్ డారిల్ జాన్‌స్టన్ నడుం వెనక దాదాపు దాక్కుని ఒక అర అడుగు ఆగుతాడు. ఆ ఆగడం చూసి డిఫెండర్ ఒక వైపు మొగ్గుతాడు. అప్పుడు రెండో వైపు వెళ్తాడు. చూడటానికి అద్భుతంలా ఉండదు, తలుపు తీసి ఉంటే వెళ్ళినట్టే ఉంటుంది. అందుకే అతని జట్టు డాలస్ కౌబాయ్స్ ముందు వరస బలమైనది, ఎవరైనా పరిగెత్తేవారని అంటారు. 1993లో జీతం తగాదాతో స్మిత్ మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. అదే వరస ఉంది, అదే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, రెండూ ఓడారు. స్మిత్ వచ్చాక ఆ సీజన్‌లోనే, లీగ్ విజేతను తేల్చే చివరి మ్యాచ్ సూపర్ బౌల్ గెలిచారు.

ఆ సీజన్ చివరి లీగ్ మ్యాచ్ 1994 జనవరి 2న, న్యూయార్క్ జయంట్స్ మీద. మొదటి సగంలోనే స్మిత్ కుడి భుజం కీలు పక్కకు తప్పింది. అయినా ఓవర్‌టైమ్ ముగిసేదాకా ఆడాడు. మొత్తం 32 పరుగులు, 168 గజాలు, పైగా 10 క్యాచ్‌లు. కిందపడ్డ ప్రతిసారీ బంతిని మంచి చేతికి మార్చుకుని, చెడ్డ భుజం నేలకు తగలకుండా ఒళ్ళు తిప్పుకుని పడేవాడు. అప్పట్లో కౌబాయ్స్ సొంత మైదానం ఇర్వింగ్‌లో ఉండేది. ఇప్పుడు ఆ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నో.  అక్కడ పిల్లల్ని స్కూలుకు దింపే తెలుగు తల్లిదండ్రులు ఒక్కసారి ఆ మ్యాచ్ వీడియో వెతికి చూడాలని నా కోరిక.

ఈ వరసలో గేల్ సేయర్స్‌ను పెట్టలేను, వదల్లేను. 1965 డిసెంబరులో బురదమయమైన మైదానంలో, అందరూ జారిపడుతుంటే, అతనొక్కడే ఆరిన నేల మీద ఉన్నట్టు ఒకే మ్యాచ్‌లో ఆరు టచ్‌డౌన్లు చేశాడు. మోకాళ్ళు సహకరించక 68 మ్యాచ్‌లతోనే ఆట ముగిసింది.

ఇక పేటన్. మిసిసిపి రాష్ట్రం కొలంబియా ఊరివాడు. జాక్సన్ స్టేట్ కాలేజీలో కోచ్ అతనికి నేర్పిన పాఠం ఒక్కటే: తేలిగ్గా పడిపోకు, నిన్ను పడగొట్టేవాడు అందుకు మూల్యం చెల్లించాలి. గీత దాటి బయటకు అడుగేస్తే దెబ్బ తప్పుతుంది, నిబంధనలూ ఒప్పుకుంటాయి, తెలివైనవాళ్ళంతా అదే చేస్తారు. పేటన్ గీత పక్కకు చేరాక లోపలికి తిరిగేవాడు. తనను కొట్టడానికి వచ్చేవాణ్ణి ముందు తానే కొట్టేవాడు. అరచెయ్యి సూటిగా అవతలివాడి మెడ కిందకు దూసుకొచ్చేది. మోకాళ్ళు పెద్దగా వంచకుండా, కాళ్ళు కర్రల్లా ముందుకు విసురుతూ పరిగెత్తేవాడు. మధ్యలో ఒక చిన్న తొట్రుపాటు అడుగు వేసేవాడు, కావాలనే. పట్టుకోవడానికి లెక్కేసుకుని వచ్చినవాడి లెక్క ఆ ఒక్క అడుగుతో తప్పేది.

ఈ పని ఊరికే రాలేదు. ఆట లేని నెలల్లో సొంతూరి దగ్గర పెర్ల్ నది ఇసుకలో పరిగెత్తేవాడు. తర్వాత షికాగో శివార్లలో ఒక నిటారు దిబ్బ ఎక్కుతూ దిగుతూ గడిపేవాడు. ఇసుకలో కాలు దిగబడుతుంది, దిబ్బ మీద జారుతుంది. అలాంటి చోట నిలదొక్కుకోవడం నేర్చిన కాళ్ళే, నాలుగు చేతులు పట్టుకుని లాగినా నిలిచాయి. 13 సీజన్లలో అతను తప్పిన మ్యాచ్ ఒక్కటే, అదీ మొదటి ఏడాది. చీఫ్స్ మీద ఆ పరుగు తీసిన వారానికి, 1977 నవంబరు 20న, ఫ్లూ జ్వరంతోనే మిన్నెసోటా వైకింగ్స్ మీద 40 పరుగుల్లో 275 గజాలు తీశాడు. ఆ రికార్డును 2000 దాకా ఎవరూ దాటలేదు.

బంతి తన చేతిలో లేనప్పుడు కూడా పేటన్ అదే మనిషి. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే తనకన్నా బరువైనవాళ్ళకు అడ్డంగా వెళ్ళి నిలబడేవాడు, ఊరికే నిలబడకుండా తగిలేవాడు. 492 క్యాచ్‌లు పట్టాడు. తానే బంతి విసిరి ఎనిమిది టచ్‌డౌన్లు చేయించాడు. అడ్డుకున్నవాడి పేరు మీద పద్దులో ఒక్క గజమైనా రాయరు.

అందుకే నా వరసలో మొదటిది పేటన్ స్థానం. రెండు బ్రౌన్: దారి మూసుకుపోయాక అంత నమ్మకంగా గజాలు రాబట్టినవాడు మరొకడు లేడు, కానీ ఇతరుల కోసం అడ్డు నిలబడటం అతని పనిలో పెద్ద భాగం కాలేదు. మూడు శాండర్స్: అతను చేసినది ఇంకెవరికీ చేతకాలేదు, ఎవరికీ నేర్పనూలేం. నాలుగు స్మిత్: ఎక్కువ గజాలున్నవాణ్ణి నాలుగో చోట పెట్టడం నాకూ కష్టంగానే ఉంది. అయితే మూసుకుపోయిన సందును ఒంటరిగా ఎదుర్కోవాల్సిన అవసరం ఈ నలుగురిలో తక్కువ పడ్డది అతనికే.

పేటన్ జీవితంలో ఒకే ఒక్క సూపర్ బౌల్ ఆడాడు, 1986 జనవరిలో. షికాగో 46-10 స్కోరుతో గెలిచింది. పేటన్ పేరు మీద 22 పరుగులు, 61 గజాలు, టచ్‌డౌన్లు సున్నా. న్యూ ఇంగ్లండ్ డిఫెండర్లు ఆ రోజంతా అతని చుట్టూనే మూగారు. అతను ఎటు కదిలితే అటు ఇద్దరు ముగ్గురు వెళ్ళారు, వాళ్ళు వదిలేసిన చోటునుంచి మిగతావాళ్ళు దూరిపోయారు. అతనికి ఒక్క టచ్‌డౌన్ అవకాశమైనా ఇవ్వలేదని కోచ్ మైక్ డిట్కా తర్వాత పలుమార్లు బాధపడ్డాడు. ఆ బాధ న్యాయమైనదే. కానీ ఆ వీడియో మళ్ళీ పెట్టి, బంతిని కాకుండా పేటన్‌ను మాత్రమే చూడండి. 46 పాయింట్లలో ఒక్కటీ అతనిది కాదు, ఆ పాయింట్లకు దారిచ్చిన సందుల్లో ఎన్నో అతను తెరిచినవే.